దేవీబాయి దోపుకున్న తాళాలు

పొద్దున వాకిలి ఊడుస్తుంటే సందు చివర నుంచి తాళాల చప్పుడు వస్తుంది. తలెత్తకుండానే తెలుస్తుంది, దేవీబాయి వస్తోందని. కొంగు బిగించి, నడుము దగ్గర తాళాల గుత్తి దోపుకుని గబగబా కాలనీ హాలు వైపు పోతుంది. "సావిత్రక్కా, చాయ్ తాగినవా?" అని అడగకుండా మాత్రం మా గడప దాటదు. నేను "ఆఁ" అంటాను. చీపురు ఇంకాస్త గట్టిగా గీస్తాను.

ఆ తాళాలు ఏళ్ల తరబడి మా ఇంట్లో, వంటింటి తలుపు పక్కన మేకుకు ఉండేవి. మేకు ఇంకా ఉంది. దానికి వేరే ఏదీ తగిలించబుద్ధి కాదు.

మా బాన్సువాడలో మా కాలనీ హాలంటే ఉత్త ఫంక్షన్ల హాలు కాదు. ముందర పెద్ద హాలు, దాని చివర స్టేజీ. పక్కన క్యారం గది. వెనక షటిల్ కోర్టు. పొద్దున, సాయంత్రం బడి సార్లు, దుకాణాల వాళ్లు వచ్చి ఆడతారు, నెల నెలా ఇంత అని కడతారు. ఎంగేజ్‌మెంట్లకు, ఓణీల ఫంక్షన్లకు, దినాల భోజనాలకు హాలు కిరాయికి ఇస్తారు. కుర్చీలు, వంట బగోనలు, గంటెలు అన్నీ అక్కడే ఉంటాయి. ఆ వచ్చిన కిరాయిలతోనే కరెంటు బిల్లు, సున్నాలు, జీతాలు. ఇదంతా చూసుకున్నది మా ఆయన పండరి. ఆయన పోయాక చూసుకుంటున్నది దేవీబాయి.

ఆమెది పెద్ద కొడప్‌గల్ దిక్కు తండా. మొగుడు రూప్‌సింగ్ చెరకు నరకటానికి పోయేవాడు. ఒకసారి చెరకు ట్రాక్టరు మీదినుంచి పడ్డాడు, నడుము పోయింది. దవాఖానకు దగ్గరగా ఉంటుందని బాన్సువాడలో ఒక గది తీసుకున్నారు. బాగవగానే తండాకు పోదామనుకున్నారు గాని, ఆయన నడుము బాగవలేదు, వాళ్లు పోలేదు. పనికోసం తిరుగుతూ ఒకనాడు హాలుకు వచ్చింది. మా ఆయన ఊడ్చే పనికి పెట్టుకున్నాడు. అప్పుడు వాళ్ల బిడ్డ వనిత చిన్న పిల్ల. ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఆ ఇంట్లోకి వచ్చే పైసలంటే దేవీబాయి జీతం ఒక్కటే.

ఊడ్చే మనిషి ఊడ్చి పోకుండా, ఫంక్షన్ అయ్యాక బగోనలు లెక్కపెట్టి లోపల పెట్టేది. కరెంటు మీటరు ఫంక్షన్‌కు ముందొకసారి, తర్వాతొకసారి చూసి చెప్పేది. మా ఆయన అన్నం ముందు కూర్చుని అవే మాటలు. "దేవీబాయి చేతుల బరకత్ ఉన్నదే. ఇయ్యాల బీర్కూరోళ్లు రెండు గంటెలు దాసుకపోతుంటే బస్టాండు దాంక ఎంటవడి తెచ్చింది" అని నవ్వేవాడు. నేను పప్పు వడ్డించేదాన్ని. ఇన్నేళ్లలో నా పప్పు గురించి ఆయన ఇంత నవ్వు మొహంతో ఒక్క మాట చెప్పింది నాకు గుర్తు లేదు.

తప్పుడు అనుమానం నాకు ఏనాడూ లేదు. ఆయన అట్లాంటి మనిషి కాదు, ఆమె కూడా కాదు. అనుమానమే అయితే అడిగి తేల్చుకోవచ్చు. ఇది అడగటానికి వీల్లేనిది. ఆయన పగలంతా ఆ హాలులోనే గడిచేది. ఆ పగలంతా ఆమెకు తెలుసు. నాకు తెలిసింది రాత్రి అన్నం, పొద్దున చాయ్.

పోయిన ఏడు మాఘ మాసంలో, మధ్యాహ్నం కుర్చీలు సర్దుతూ సర్దుతూ ఆయన కూలబడిపోయాడు. నీళ్లడిగితే దేవీబాయి తాగించింది. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది. నాకు కబురు వచ్చి నేను పోయేసరికి ముఖం మీద గుడ్డ కప్పారు. నా మొగుడు తాగిన చివరి నీళ్లు ఆమె చేతి నీళ్లు. దానికి ఆమెను ఏమనగలను? కాని మండేది మండుతూనే ఉంటుంది.

దినాలకు ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది. "అన్న పగటీలి గా స్టేజీ మీద చాప ఏసుకొని జరసేపు పండుకునేది అక్కా. ఇప్పుడు చాప ఏద్దునా అనిపిస్తది" అన్నది. మా ఆయన పగలు పడుకునే మనిషి కాదని నేను అందరికీ చెప్పేదాన్ని. చుట్టూ ఆడవాళ్లున్నారు. నేను తల వంచుకున్నాను.

హాలు కమిటీ పెద్ద సాయిప్రసాద్ నాకు మరిది వరస. ఆ రోజుల్లోనే వచ్చి "వదినా, హాలు నువ్వు సూస్కుంటవా?" అని అడిగాడు. అప్పుడు నాకు కూర్చున్న చోటు తెలియదు, పక్కనున్న మనిషి తెలియదు. మాట్లాడలేదు. అతను అదే జవాబనుకుని దేవీబాయిని పెట్టాడు. ఆమె తాళాలకోసం వచ్చి గడప బయటే నిలబడింది. మేకు నుంచి తీసి ఆమె చేతిలో పెట్టింది నేనే.

ఇక అప్పటి నుంచి అన్నీ మారాయి. మా ఆయన నోటి మాట మీద హాలు ఇచ్చేవాడు. "ఇస్తరు తీ, ఎక్కడికి పోతరు" అనేవాడు. ముందుగా కొంత బయానా కట్టనిదే దేవీబాయి తాళం తీయదు. సామాన్లకు డిపాజిట్ పెట్టింది. షటిల్ ఆడే సార్లు నెల పైసలు కట్టకపోతే లైట్లు వేయదు. ఒక సారు "మేం చదువు చెప్పేటోళ్లం, దేవీబాయీ" అంటే, "చీకట్ల గూడ చెప్తరా సారూ?" అన్నదట. కాలనీ అంతా నవ్వారు. హాలుకు కొత్త పంకాలు వచ్చాయి, స్టేజీకి రంగు వచ్చింది.

పక్కింటి పోసవ్వ ఇవన్నీ మోసుకొచ్చి నాకు చెబుతుంది. "ఏమన్న గాని సావిత్రా, పండరి ఉన్నప్పుడు పంకాలు కిర్రుకిర్రుమనుడే గాని గాలి వచ్చిందా? ఇప్పుడు సూడుపో, సల్లగ నిద్రొస్తది. నీ మొగని కుర్సీల ఎంత బాజాప్తా, దర్జాగ కూసున్నదో!" అన్నది. ఆమె నోట్లోంచి వచ్చిన ఆ కొత్త పంకా గాలి నాకు రెండు రోజులు అన్నం దిగనియ్యలేదు.

ఏడాది తిరిగింది. పంతులు పంచాంగం చూసి ఆయన తిథి మాఘ శుద్ధ దశమి అన్నాడు. పోయిన ఏడు ఫిబ్రవరి పద్దెనిమిదిన వచ్చిన దశమి ఈ ఏడు ముందుకు జరిగి ఏడో తారీఖుకే వచ్చింది. సంవత్సరీకం పూజ ఇంట్లో చేసి, భోజనాలు హాలులో పెట్టాలనుకున్నాను. ముందుగా చెప్పి ఉంచాలని నాకు తట్టలేదు. ఆయన హాలులో ఆయన భోజనాలకు అడిగేదేముంది అనుకున్నాను.

పోయేసరికి దేవీబాయి బగోనలు బోర్లించి ఎండకు పెడుతోంది.

"ఏడో తారీఖు హాలు కావాలె" అన్నాను.

"ఏడుకా? గా దినం ఎంగేజ్‌మెంట్ ఉన్నది అక్కా. బయానా గూడ ఇచ్చిండ్రు. దశమి మంచిదని ఎన్నడో పట్టుకున్నరు." చేతులు కొంగుకు తుడుచుకుని నావైపు వింతగా చూసింది. "అయినా ఏడుకెందుకక్కా నీకు?"

ఎందుకా! నా మొగుడి ఏడాది ఎందుకని నన్నే అడుగుతోంది. వెనక నుంచి ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను వినలేదు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా నేరుగా సాయిప్రసాద్ ఇంటికి పోయాను.

సాయిప్రసాద్‌కు ఆమె మీద ముందునుంచే కడుపులో మంట ఉంది. అతని బామ్మర్దికి డిపాజిట్ లేకుండా బగోనలు ఇయ్యలేదు. నేను చెప్పింది విని తొడ మీద చరుచుకున్నాడు. "పండరన్న యాడాది దినం ఎవరికో కిరాయికి ఇస్తదా? గిదొక్కటే కాదు వదినా. పద్దెనిమిదికి జుక్కల్ కాంట్రాక్టరు ఒకాయన డబల్ కిరాయి ఇస్తనంటే హాలు ఖాళీ లేదన్నదట. నేను అడిగి సూసిన, ఆ దినం ఎవ్వరు బయానా కట్టలె. ఎవరికోసం దాసిపెట్టిందో! ఆదివారం కమిటీ ఉన్నది. నువ్వు వచ్చి ఒక్క మాట చెప్పు, తాళాలు గుంజుకొని నీ చేతుల పెడ్త."

ఇంటికి వచ్చి మేకు మీది దుమ్ము తుడిచాను. వనిత కాలేజీ గురించి, రూప్‌సింగ్ మందుల గురించి ఆలోచన రాలేదా అంటే వచ్చింది. మా ఇంటికి ఆ తాళాల చప్పుడు తిరిగి రావటం గురించి ఎక్కువ వచ్చింది.

ఆదివారం పొద్దున, షటిల్ ఆట అయిపోయాక, కమిటీ వాళ్లు హాలులో కూర్చున్నారు. తనను తీసేయటానికి వచ్చిన కమిటీకి కుర్చీలు వేసింది దేవీబాయే. చాయ్ తెచ్చింది కూడా ఆమే. నాకు చక్కెర తక్కువ వేసి ఇచ్చింది. అది కూడా మా ఆయన చెప్పి ఉంటాడు.

సాయిప్రసాద్ మొదలుపెట్టాడు. "దేవీబాయీ, తాళాలు టేబుల్ మీద పెట్టు."

నడుము నుంచి గుత్తి తీసి పెట్టింది.

"జుక్కలాయనకు పద్దెనిమిది లేదని ఎందుకు చెప్పినవు? ఎవరు బుక్ చేసిండ్రు?"

"ఎవ్వరు చెయ్యలె సారూ."

"మరి? ఎవరి దగ్గర పైసలు తిన్నవు?"

ఆ మాటకు తలెత్తింది. "పైసల మాట అనకుండ్రి సారూ. పద్దెనిమిదికి పండరన్న పోయి యాడాది. సావిత్రక్క భోజనాలు పెడ్తదని ఉంచిన. దినాలకాడికెల్లి ఆ తారీఖు ఎవ్వరికి ఇయ్యలె."

"తారీఖేంది? తిథి సూడాలె గదా!"

"గా తిథి నాకేం ఎరుక సారూ? మా ఇంట్ల తారీఖే సూస్తం. అన్న నా ముంగటనే పోయిండు. గా తారీఖు నేనెట్ల మర్చిపోత?" నావైపు తిరిగింది. "ఏడుకెందుకక్కా అని గందుకే అడిగిన. పద్దెనిమిది ఉంచిన అని చెప్తుంటే ఇనకనే పోతివి. కిరాయి నా జీతంల కోసుకోమందును గని నిన్ను అడగకపోదును."

పైన కొత్త పంకా చప్పుడు లేకుండా తిరుగుతోంది.

అప్పుడు నా గుండె కరిగిందని రాస్తే బాగుంటుంది. కరగలేదు. ఇంకా మండింది. ఏడాది పొడుగునా ఆయనకోసం ఒక రోజు ఖాళీ ఉంచాలన్న బుద్ధి ఆమెకు పుట్టింది, నాకు పుట్టలేదు. ఎవరెవరో వచ్చి అడిగినప్పుడల్లా ఆమె ఆయన్ను తలుచుకుని లేదు పొమ్మన్నది. మా ఆయన భోజనాల కిరాయి ఆమె జీతంలోంచి కోస్తారట!

"ఏం చేద్దాం వదినా? నీ మాటే" అన్నాడు సాయిప్రసాద్. తాళాలు నా ముందుకు జరిపాడు.

చేయి చాపితే అందుతాయి. వాటిని తీసుకుంటే రేపటి నుంచి ఈ స్టేజీ, ఈ కుర్చీలు నావి. కాని పద్దెనిమిదో తారీఖు ఆమె ఉంచింది. ఉంచిన మనిషిని వెళ్లగొట్టి నేను ఇక్కడ కూర్చుంటే మా ఆయన్ను తలచినప్పుడల్లా ఊరు ఆమెనే తలుస్తుంది. అది నేను ఓర్చుకోలేను. పైగా వనిత చదువు ఆగిందన్న మాట ఆయన వింటే నేను వడ్డించిన పప్పు ముట్టడు.

గుత్తిని ఆమె వైపు తోశాను. "తాళాలు ఆమె దగ్గరనే ఉండనియ్యి. పూజ ఏడుకు ఇంట్ల చేసుకుంట. భోజనాలు పద్దెనిమిదికి ఈడ పెడ్త. కిరాయి నేను కడ్త. ఎవ్వరి జీతంల కోసేది లేదు."

దేవీబాయి కళ్లు తుడుచుకుని తాళాలు దోపుకుంది. వెంటనే "అక్కా, బయానా ఇయ్యాలె మరి. సామాన్ల డిపాజిట్ గూడ" అన్నది.

కమిటీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు. కొంగు ముడి విప్పి పైసలు ఇచ్చి, "రసీదు రాయి" అన్నాను.

పద్దెనిమిదిన కాలనీ అంతా వచ్చి తిన్నారు. పోసవ్వ రెండుసార్లు పప్పు పోయించుకుని "పండరి ఉంటే ఎంత మురుస్తుండెనో" అన్నది. అందరూ పోయాక దేవీబాయి బగోనలు, గంటెలు లెక్కపెట్టింది.

"అక్కా, ఒక గంటె తక్కువొచ్చింది."

"నేను దాసుకపోలె."

"నువ్వని అన్ననా? డిపాజిట్ల కోస్తున్న, అంతే."

కోసింది. ఆ గంటె తర్వాత దొరికిందో లేదో నేను అడగలేదు.

నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. "చాప ఉన్నదా?" అన్నాను. దేవీబాయి ఎందుకని అడగలేదు. క్యారం గదిలోంచి తెచ్చి స్టేజీ మీద పరిచి, పంకా వేసి వెళ్లబోయింది. నేను పడుకున్నాను. పైన రేకుల కింద పిచ్చుక ఒకటి గడ్డి పోగు పట్టుకుని తిరుగుతోంది. ఆయన పగళ్లలో ఈ పిచ్చుకలు కూడా ఉన్నాయేమో.

తలుపు దగ్గర ఆగింది దేవీబాయి. "అక్కా, అన్న గట్ల పండుకోకపోయేది. తలకాయ గటు, కిటికీ దిక్కు పెట్టేది."

నేను కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టే ఉన్నాను. తాళాల చప్పుడు వరండా దాటి, మెట్లు దిగి, బగోనలు కడిగే చోటికి పోయేదాకా ఆగాను.

అప్పుడు లేచి, కిటికీ వైపు తల పెట్టి పడుకున్నాను.