నీలగిరి తోపులో చీలిన దారి

నా చిన్నప్పుడు మా ఊరు కాడుగోడిలో ఊరికే పరుగెత్తే మనిషిని చూస్తే జనం నవ్వేవాళ్ళు. రైలు తప్పిపోతున్నవాళ్ళు పరుగెత్తాలి, కుక్క తరిమినవాళ్ళు పరుగెత్తాలి, అంతే. అలాంటి చోట పన్నెండేళ్ళ ఆడపిల్లను, తెల్లారకముందే పావడా ఎగదోపుకుని స్టేషన్ రోడ్డు వెంట పరుగు తీసేదాన్ని. మా వీధిలో ఒకావిడ మా అమ్మను పిలిచి, పిల్లకు గాలి సోకిందేమో ఎవరికైనా చూపించమని సలహా ఇచ్చింది. మర్నాడు కావాలనే ఆవిడ వాకిలి ముందు రెండు చుట్లు ఎక్కువ కొట్టాను. నా గుణం అప్పటికే అంత.

తొంభైల మొదటి రోజులవి. మా నాన్న కదిరి వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. అమ్మ కాంక్రీటు పనికి పోయేది. ఏడో తరగతి అయిపోగానే నన్ను బడి మాన్పించి, ఇద్దరు తమ్ముళ్ళను చూసుకోవడానికి ఇంట్లో పెట్టాలని తీర్మానమైపోయింది. నాన్న చెడ్డవాడేం కాదు, ఆయనకు వేరే దారి తోచలేదు. సరిగ్గా ఆ ఏడే మా డ్రిల్లు మాస్టారు ఒక కబురు చెప్పారు. చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి మా ఊళ్ళోనే క్రాస్ కంట్రీ పోటీ పెడుతున్నారు. అమ్మాయిలకు నాలుగు కిలోమీటర్లు. మొదటి ఆరుగురికి క్రీడల హాస్టల్లో సీటు, అంటే తిండి, బట్ట, పదో తరగతి దాకా చదువు. ఏడో స్థానంలో వచ్చినవాళ్ళకు చప్పట్లు. నాకు చప్పట్లతో పని లేదు.

నాకు పరుగు నేర్పింది మా చిన్నాయన. ఆయన పరుగుపందెగాడు కాదు. ఒక సర్వేయరు దగ్గర భూమి కొలిచే గొలుసు పట్టే పని ఆయనది. రోజంతా తోటల్లో, గట్ల మీద నడుస్తాడు కాబట్టి కాళ్ళ సంగతి ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని నా నమ్మకం. నా ప్రశ్నలన్నీ ఆయన నెత్తినే వేసేదాన్ని. ఎంత జోరుగా పోవాలని అడిగితే, పక్కన సైకిల్ మీద వస్తూ ఏవో కబుర్లు అడిగేవాడు. నేను జవాబు చెప్పలేక రొప్పితే జోరు తగ్గించమనేవాడు. మాట ఆడగలిగినంత పరుగే చివరిదాకా నిలుస్తుందనేవాడు. డొక్కలో పోటు వస్తే ఆగిపోకుండా నిదానించి, గాలి పూర్తిగా బయటికి వదలమన్నాడు. పోటీ రోజున ఏం తినాలని అడిగితే రోజూ తాగే రాగి గంజే, అదీ రెండు గంటల ముందు అన్నాడు. ఎవరివో బూట్లు అడిగి తెచ్చుకుంటానంటే మాత్రం కసిరాడు. అలవాటు లేని బూట్లు కరిస్తే సగం దారిలో కూర్చుంటావన్నాడు.

కొలతలు తెలిసినవాడని పోటీ పెట్టినవాళ్ళు దారి గుర్తులు పెట్టే పని ఆయనకే అప్పగించారు. ముందురోజు సాయంత్రం ఎవరైనా వచ్చి దారి చూసుకోవచ్చని అన్ని బడులకూ చెప్పారు. టౌను పిల్లలు తెల్లారి వ్యానులో దిగేవాళ్ళు, వాళ్ళెవరూ రాలేదు. నేను ఒక్కదాన్నే సున్నం బకెట్టు పట్టుకుని ఆయన వెంట నడిచాను. ద్రాక్షతోట కంచె దాటితే నీలగిరి తోపు వస్తుంది. తోపు మధ్యలో దారి రెండుగా చీలుతుంది. కుడిపక్కది రైలు కంచె వెంట తిరిగి మైదానానికి వస్తుంది. ఎడమపక్కది పల్లానికి దిగి ఇటుకబట్టీకి పోతుంది. చిన్నాయన అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని కుడివైపుకు పెద్ద బాణం గుర్తు వేశాడు.

"బాగా చూసుకో పాపా. ఎడంపక్క మట్టి తవ్విన గుంతలుండాయి. వానకు నిండిపోయినాయి. కాలు జారితే కష్టం" అన్నాడు.

మర్నాడు పొద్దున అరవైమంది దాకా నిలబడ్డాం. విజిల్ ఊదగానే అందరూ పోటీ అక్కడే ముగిసిపోతుందన్నట్టు దూకారు. నేను నా నోట్లోనే ఎక్కాలు ఒప్పజెప్పుకుంటూ, మాట ఆడుతోందో లేదో చూసుకుంటూ వెనకే ఉండిపోయాను. ద్రాక్షతోట దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరే నడుం పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. వాళ్ళను దాటుకుంటూ లెక్కపెట్టాను. నా ముందు ఆరుగురు. ఐదుగురు ఎక్కడో మలుపు దాటి కనిపించకుండా పోయారు. ఆరో అమ్మాయి నాకు ముప్పై అడుగుల ముందుంది. నీలం గౌను, తెల్ల బూట్లు. నేను జోరు పెంచితే తనూ పెంచింది. ఆ ముప్పై అడుగులే నా చదువు. తోపులోకి దిగాక కూడా ఒక్క అడుగు తగ్గలేదు. నాకు ఏడుపొచ్చింది.

చీలిక దగ్గర బాణం లేదు. అప్పుడే గొర్రెల మంద పోయినట్టుంది, సున్నం అంతా ఎర్రమట్టిలో కలిసిపోయింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం తడబడి, ఎడమవైపుకు తిరిగింది. నేను నోరు తెరిచాను. చిన్నాయన నేర్పినట్టే పరుగెత్తాను కాబట్టి నాలో ఊపిరి ఉంది. పిలిస్తే వినిపించేది. ఊపిరాడక పిలవలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. నోరు మూసుకుని కుడివైపుకు తిరిగాను.

మైదానంలో ఆరు అంకె వేసిన అట్టముక్క నా చేతిలో పెట్టారు. చిన్నాయన గ్లూకోజు నీళ్ళు ఇచ్చి, తన తువ్వాలుతో నా ముఖం తుడిచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నా వెనకవాళ్ళు నన్ను చూసి కుడివైపుకే తిరిగి, ఒక్కొక్కరే వచ్చి చేరారు. అందరూ వచ్చారనుకున్నాక ఒకావిడ పిల్లల మధ్య తిరుగుతూ కనిపించింది. నా దగ్గరికి కూడా వచ్చింది.

"ఏం పాపా, మా అమ్మాయిని చూస్తివా? నీలం గౌను ఏసుకొని ఉండాది" అంది.

చూడలేదన్నాను. ఆవిడ పక్కపిల్లను అడగడానికి పోయింది. నా చేతిలో అట్టముక్క చెమటకు మెత్తబడిపోయింది. మట్టిగుంతలు గుర్తొచ్చాయి. చిన్నాయన నా ముఖం వైపే చూస్తున్నాడు.

"నీ ముందర పోతా ఉండింది ఎవురు?" అని అడిగాడు.

చెప్పేశాను. ఆయన సైకిల్ తీశాడు. నేను వెనక ఎక్కలేదు, ముందు పరుగెత్తాను. నాలుగు కిలోమీటర్లు పరుగెత్తిన కాళ్ళవి, అయినా పోటీలో కూడా అంత జోరుగా పోలేదు. తోపు దాటి పల్లంలోకి దిగాం. మొదటి గుంత గట్టున ఒక తెల్ల బూటు పడి ఉంది. గట్టు మట్టి జారి ఉంది. నీళ్ళు కదలడం లేదు. చిన్నాయన సైకిల్ వదిలేసి నీళ్ళలోకి దిగాడు. రొమ్ముదాకా దిగి రెండు చేతులతో వెతకసాగాడు. నేను గట్టు మీద నిలబడి ఎవరికి మొక్కానో, ఏమని మొక్కానో ఇప్పుడు గుర్తు లేదు. హాస్టలు వద్దు, బడి వద్దు, తమ్ముళ్ళను చూసుకుంటాను అనుకున్నానని మాత్రం గుర్తుంది.

అంతలో బట్టీ గుడిసెల వైపు నుంచి ఒకామె కేక వేసింది. పిల్ల తమ దగ్గర ఉందని.

ఆ అమ్మాయి గుడిసె ముందు కూర్చుని ఉంది. ఒళ్ళంతా మట్టి. గట్టు జారి పడితే బట్టీవాళ్ళే లేపుకొచ్చారట. చీలమండ వాచి గుండ్రంగా అయింది. చిన్నాయన నీళ్ళు కారుతున్న బట్టలతోనే ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. బట్టీ కూలీలంతా చూస్తుండగా ఆ చిన్నపిల్లకు చేతులు జోడించాడు.

"తప్పు నాది తల్లీ. గుర్తులు పెట్టినోణ్ణి నేనే. పొద్దున్నే ఇంకోసారి వచ్చి చూసుకోవాల్సింది" అన్నాడు.

"మీదేముండాది అంకుల్. గుర్తు కనపడలా. వెనక ఒక అమ్మాయి వస్తా ఉండె కదా, దారి తప్పితే పిలుస్తాదిలే అనుకొని పోయినా" అంది.

గొర్రెలు తొక్కిన గుర్తుకు ఆయన చేతులు జోడిస్తే, నేనేం జోడించాలి? వెనక వస్తున్న ఆ అమ్మాయి నేనేనని, దారి తెలిసి కూడా పిలవలేదని చెప్పాను. ఎందుకని అడిగింది. ఆరోదాన్ని కావాలని అన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ముఖం పక్కకు తిప్పుకుంది. చిన్నాయన సైకిల్ మీద మైదానానికి తీసుకొచ్చేదాకా నా వైపు చూడలేదు. ఆమె బూటు చేత్తో పట్టుకుని నేను వెనక నడిచాను.

ముందు వాళ్ళమ్మ దగ్గరికి పోయి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. తర్వాత అట్టముక్క స్థానాలు రాసుకుంటున్న మా డ్రిల్లు మాస్టారి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. దారి తప్పినవాళ్ళకు స్థానం ఉండదు, వెనకున్నవాళ్ళు పిలవాలని నియమమేదీ లేదు అని ఆయన దాన్ని మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. చిన్నాయన తీసుకో అనలేదు, వద్దు అనలేదు. నేను తీసుకున్నాను. గుంత గట్టున మొక్కిన మొక్కు అంతసేపే నిలిచింది. ఇప్పుడు అబద్ధమెందుకు, నాకు ఆ సీటు కావాలి. పదో తరగతి, ఆ తర్వాత ఉద్యోగం, ఈరోజు నేను తింటున్న తిండి, అన్నీ ఆ అట్టముక్క పెట్టినవే. ఆ అమ్మాయిని మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వచ్చే దారిలో చిన్నాయన ఒక్కసారే మాట్లాడాడు. "చెప్పుకొంటివి, మంచిది. అయితే పాపా, అప్పుడే పిలిచింటే ఆ బిడ్డ కాలు బాగుండేది" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇన్నేళ్ళయినా నేను ఆ మాటను తప్పించుకోలేకపోయాను.

ఇప్పుడు నన్ను నోటిదురుసు మనిషంటారు. కె.ఆర్.పురం బస్టాండులో ముక్కూముఖం తెలియనివాళ్ళు తప్పు బస్సు ఎక్కుతుంటే కేక వేసి దించుతాను. అయినవాళ్ళ ఇళ్ళల్లో తప్పు జరుగుతుంటే అడక్కపోయినా చెప్పి తిట్లు తింటాను. నా పిల్లలు సిగ్గుతో నా చెయ్యి లాగుతారు. లాగనీ. వెనకావిడ చూస్తూనే ఉంది, తప్పితే పిలుస్తుందిలే అనుకుని నా ముందు ఎవరు పోతున్నారో నాకేం తెలుసు.