అతని గ్లోవ్‌లో నేను చూసింది

ఆదివారం పొద్దున ఆరింటికి కొండాపూర్‌లో బైక్ తీస్తే పావుగంటలో కోకాపేట చేరేవాణ్ణి. అక్కడ రెండు టవర్ల మధ్య ఇంకా పునాది తవ్వని స్థలం ఒకటి ఉండేది. రాళ్లు ఏరి, గడ్డి కోసి, సున్నంతో గీతలు గీసుకుని పాతికమందిమి అందులో బేస్‌బాల్ ఆడేవాళ్లం. ఆదివారం ఆటకు వెళ్తానంటే ఆఫీసులో అందరూ క్రికెట్టే అనుకునేవారు. నేనూ విడమరిచి చెప్పేవాణ్ణి కాదు. అనంతపురంలో హైస్కూల్లో ఉండగా మా డ్రిల్లు సారు ఈ ఆట నేర్పాడు, జిల్లా జట్టు దాకా వెళ్లాను. ఆ తర్వాత ఇంజనీరింగ్, ఉద్యోగం, పెళ్లి. మళ్లీ బ్యాట్ పట్టుకునేసరికి పదిహేనేళ్లు గడిచిపోయాయి. వారమంతా వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా పని. ఆదివారం ఒక్కరోజు ఆ పని నుంచి సెలవు అనుకునేవాణ్ణి.

మొదటి ఆరు నెలలు నేను బంతిని కొట్టిందే తక్కువ. కారణం ఎదుటి జట్టు పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. నాకంటే ఆరేడేళ్లు చిన్న. మెదక్ వైపు మనిషి. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ సీసాల్ని దీపం ముందు తిప్పి, లోపల నలక ఉందేమో చూసే ఉద్యోగం. ఆటలో అతనికి ఉన్నవి రెండే బంతులు. ఒకటి వేగమైనది. రెండోది నెమ్మదైనది. చెయ్యి రెండింటికీ ఒకే జోరుతో తిరిగేది, అదే కష్టం. వేగం వస్తోందనుకుని ముందే బ్యాట్ ఊపేసి, గాలిని కొట్టి, బోర్లా పడబోయి నిలదొక్కుకునేసరికి బంతి తీరిగ్గా వచ్చి నా వెనకాల క్యాచర్ చేతిలో పడేది. అలా మూడుసార్లు తప్పితే ఔట్.

మాకు ఆట నేర్పేది కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు. మాస్టారు అనేవాళ్లం. ఒకరోజు నేను మూడోసారి ఔటై వచ్చి నీళ్లు తాగుతుంటే పక్కన కూర్చున్నారు.

"మీరు బంతి వచ్చాక ఆలోచిస్తున్నారండి," అన్నారు. "చెయ్యి వదిలాక మీకు దొరికేది రెప్పపాటు. కానీ విసరబోయే ముందు అతను ఎంతసేపు నించుంటున్నాడో చూశారా? ఆ టైమంతా మీదే."

"ఏం చూడాల మాస్టారూ?"

"మనిషిని చూడండి. బంతి సంగతి తర్వాత."

తర్వాతి వారం నన్ను సగం ఆట బయటే కూర్చోబెట్టారు. బంతి అతని చేతిని ఎక్కడ వదులుతోందో అదొక్కటే చూడమన్నారు. ఆ తర్వాత లెక్క నేర్పారు. గీత బయట పడే బంతులు నాలుగైతే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు, అంటే పరుగులో మొదటి మజిలీకి, నడిచి వెళ్లిపోతాడు. అందుకని వరసగా రెండో మూడో బయట వేసిన పిచ్చర్ భయపడి, తనకు నమ్మకమున్న బంతే వేస్తాడు. ఇతనికి నమ్మకం వేగం మీద. దానికోసం ముందే సిద్ధపడి ఉండాలి. అదే మనకు రెండు తప్పులు పడితే, బ్యాట్‌ను కాస్త పైకి పట్టుకుని, పెద్ద దెబ్బ మీద ఆశ వదులుకుని, ఎలాగోలా తగిలించాలి. "ఇక నెమ్మది బంతంటారా, దాన్ని పక్కకు లాగకండి. ఆగండి. వచ్చిన దారినే తిప్పి పంపండి," అని పదేపదే చెప్పేవారు.

నేను చూడటం మొదలుపెట్టాను. చూడటం నాకు వచ్చిన పనే. మూడో ఆదివారానికో నాలుగో ఆదివారానికో దొరికింది. విసిరే ముందు అతను బంతిని ఎడమచేతి తోలు గ్లోవ్‌లో దాచి పట్టు సరిచేసుకునేవాడు. వేగమైన బంతికి రెండు వేళ్లు చాలు, గ్లోవ్ కదిలేది కాదు. నెమ్మది బంతికి దాన్ని కుడి అరచేతిలోకి లోతుగా తోసుకుని వేళ్లన్నీ పరచాలి. అప్పుడు లోపల చోటు చాలక గ్లోవ్ అంచు కొద్దిగా విచ్చుకునేది. చాలా కొద్దిగా. ఒకసారి చూశాక మాత్రం చూడకుండా ఉండలేకపోయాను.

ఆ రోజు నుంచి అతని బంతి నాకు ముందే తెలిసిపోయేది. రెండు నెలల పాటు అతన్ని ఇష్టమొచ్చినట్టు కొట్టాను. మా జట్టువాళ్లు నన్ను కొత్తగా చూశారు. మాస్టారు తన పాఠాలు ఒంటబట్టాయని సంతోషించారు. గ్లోవ్ సంగతి ఆయనకూ చెప్పలేదు.

ఆ పిచ్చర్, నేను అప్పటికి స్నేహితులం. ఆట అయ్యాక రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిని, టీ తాగి విడిపోయేవాళ్లం. ఒకరోజు అతను తినకుండా ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, నిజం చెప్పు. నా బాల్ నీకెట్ల దొరుకుతుంది?"

"ఏముందిలేప్పా, అదృష్టం."

"రోజూ అదృష్టమేనా? నా చెయ్యి గిట్ల నెమ్మదైందా ఏంది? జర చూసి చెప్పు అన్నా, ఏమనుకోను."

"అదేం లేదు. బాగానే వేస్తాండావు."

అంతే అన్నాను. ఆటలో ఎదుటివాడి లోపం వాడికే చెప్పేదెవరు అనుకున్నాను. తప్పేమీ అనిపించలేదు. పైగా ఏళ్ల తరబడి దేంట్లోనూ ముందు లేని నాకు ఆ రెండు నెలలు చాలా బాగున్నాయి. అది కూడా నిజం.

జూన్‌లో వానలు ఇంకా పడలేదు, ఉక్కపోత. ఆ ఆదివారం అతను ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ ముగించుకుని తిన్నగా గ్రౌండ్‌కు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాస్టారు వద్దంటే, "ఏం కాదు సార్, ఫికర్ చెయ్యకుండ్రి," అని బంతి తీసుకున్నాడు. నాలుగో ఇన్నింగ్స్‌కు అతని చెయ్యి కిందికి జారింది. ముందు చెవి పక్కనుంచి వచ్చే చెయ్యి ఇప్పుడు భుజం పక్కనుంచి వస్తోంది. బంతులు కిందికి దిగడం లేదు, ఛాతీ ఎత్తులోనే తేలుతున్నాయి. అలిసిపోయాడని నాకు తెలిసింది. తెలిసి, బ్యాట్ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

మొదటి రెండు బయట పడ్డాయి. మూడోది వేగంగా వచ్చింది, కావాలనే వదిలేశాను. అతను ముఖం తుడుచుకుని బంతిని గ్లోవ్‌లో పెట్టాడు. అంచు విచ్చుకుంది.

ఆగాను. మాస్టారు చెప్పినట్టే ఆగాను. బంతి తేలుతూ వచ్చింది. వచ్చిన దారినే తిప్పి పంపాను. జీవితంలో నేను అంత శుభ్రంగా ఏ బంతినీ కొట్టలేదు, చేతులకు బరువే తెలియలేదు. విసిరిన ఊపులో అతను ఇంకా ముందుకు వంగే ఉన్నాడు, గ్లోవ్ తొడ దగ్గర ఉంది. పైకెత్తే టైము లేదు.

చప్పుడు రెండుసార్లు వినబడింది. మొదటిది బ్యాట్‌ది.

నేను పరుగెత్తాను, బేస్ వైపు కాదు. అతను మోకాళ్ల మీద కూర్చుని ఎడమ కంటిని రెండు చేతులతో మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారుతోంది. అరవలేదు. "నీళ్లు, జర నీళ్లు పొయ్యండి," అంటున్నాడు. మాస్టారు నీళ్లు పొయ్యనివ్వలేదు. ఒకాయన కారులో వెనక సీట్లో అతని తల నా ఒళ్లో పెట్టుకుని గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారంతా అతను ఒకటే అడిగాడు: "కనుగుడ్డు ఉందా అన్నా?" ఉందని చెప్పాను. నాకు తెలియదు.

అతని భార్య జీడిమెట్ల నుంచి ఆటోలో వచ్చింది. అప్పటికి లోపల ఆపరేషన్ జరుగుతోంది. ఎవరో ఫోన్‌లో దెబ్బ తగిలిందని మాత్రం చెప్పారట, ఏదో కొట్లాట అనుకుంది.

"ఎవలు కొట్టిన్రు అన్నా?" అని నన్నే అడిగింది.

"నేనే అమ్మా," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది. బంతి అని, ఆట అని, పొరపాటు అని నేను వివరించేసరికి చాలాసేపు పట్టింది. డాక్టర్ బయటికొచ్చి, కనుగుడ్డు చిట్లిపోయిందని, కుట్లు వేశామని, చూపు మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. రెండు వారాలకు, రెండో కంటికి ప్రమాదం రాకుండా ఆ కన్ను తీసేశారు.

నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. ఎవరి తప్పూ లేదని మాస్టారు చెప్పారు. జట్టువాళ్లు చెప్పారు. మా ఆవిడ చెప్పింది. ఆ మాట విన్న ప్రతిసారీ గ్లోవ్ అంచు గుర్తొచ్చేది. నెల గడిచాక ఒక శనివారం మధ్యాహ్నం అతని ఇంటికి వెళ్లాను. రెండు గదుల కిరాయి ఇల్లు. అతను మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కంటి మీద కట్టు. ఫ్యాక్టరీలో సీసాలు చూసే పని నుంచి తీసేసి గోడౌన్‌లో వేశారని చెప్పాడు. ఒంటికన్ను మనిషికి ఆ విభాగంలో చోటు లేదు.

"నీకొక సంగతి చెప్పాల," అన్నాను. చెప్పాను. గ్లోవ్ గురించి, అరచెయ్యి గురించి, రెండు నెలల గురించి. ఆ రోజు అలిసిపోయాడని నాకు తెలుసన్న సంగతి కూడా.

అతను మంచం కింద నుంచి గ్లోవ్ తీసి, ఎడమచేతికి తొడుక్కుని, బంతి అందులో పెట్టి పట్టు మార్చాడు. తల వంచి, ఉన్న ఒక్క కంటితో ఆ అంచు వైపు చూశాడు. మళ్లీ మార్చాడు. మళ్లీ చూశాడు.

"గింతేనా?" అన్నాడు.

"అంతే."

"చెయ్యి పోయింది అనుకున్న అన్నా నేను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"రెండు నెలలు ఈయన ఎట్లుండెనో మీకు ఎరుకనా? చెయ్యిల బలం తగ్గిందని దినాం డ్యూటీ నుంచి వచ్చి వెనక గోడకేసి బాల్ కొట్టుడే. అన్నం సక్కగ తినలే, పండలే. ఎందుకింత పరేషాన్ అంటే, అన్న నన్ను కొడుతుండు, ఏదో తక్కువైంది నాల అనేటోడు. ఆ దినం గూడ పోవద్దన్న. పొయ్యిండు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద అన్నా?"

"నువ్వు ఊకో," అన్నాడతను. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను తలవంచుకుని కూర్చున్నాను. అప్పటిదాకా నేను చేసింది ఆటలో ఒక గుట్టు దాచుకోవడం అనే అనుకున్నాను. ఆ గుట్టు ఈ ఇంట్లోకి వచ్చి రెండు నెలలు ఉందని నాకు తెలియదు. అతను అంతగా అలిసిపోవడానికి కారణం నైట్ షిఫ్ట్ ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

లేవబోతుంటే అతను గుమ్మం దాకా వచ్చాడు. కోపం కనబడలేదు. "మంచిగ కొట్టినవ్ అన్నా, గది మాత్రం నిజం," అన్నాడు. నేను చెప్పులు తొడుక్కుంటుంటే, "ఇగ మళ్ల రాకు. ఆమెకు మంచిగనిపిస్తలేదు," అన్నాడు. అతనికి కూడా అనిపించడం లేదని నాకు అర్థమైంది.

ఆ తర్వాత ఒకే ఒక్కసారి ఆటకు వెళ్లాను. అతని స్థానంలో కొత్త పిచ్చర్ ఉన్నాడు. రెండు బంతులు వేసేసరికి అతని గుట్టు కూడా నాకు కనబడింది. వేగంగా వెయ్యాలనుకుంటే ముందు కాలి మడమ ఎత్తి నేలకు కొట్టేవాడు. మూడోది ఏదో నాకు ముందే తెలుసు. బ్యాట్ భుజం మీద నుంచి కదపలేదు. ఔటయ్యాక వెళ్లి ఆ కుర్రాడికి మడమ సంగతి చెప్పి, బ్యాట్ మాస్టారి చేతికిచ్చి ఇంటికొచ్చేశాను. ఆయన ఆపలేదు.

పోయినేడాది కొండాపూర్‌లో ఒక కళ్లజోళ్ల దుకాణం ముందు అతన్ని చూశాను. కృత్రిమ కన్ను పెట్టించుకున్నాడు, తెలియనివాళ్లు గుర్తుపట్టలేరు. కాస్త ఒళ్లు చేశాడు. పేవ్‌మెంట్ మీద జనం మధ్య నుంచి నా పక్కగా నడిచివచ్చాడు. నేను అతనికి ఎడమ పక్కన, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. పిలవాలని నోరు తెరిచాను. అతను నన్ను చూడలేదు, ఆ పక్క నుంచి చూడలేడు. నన్ను దాటాక, ఎదురుగా వచ్చేవాళ్లకు తగలకుండా తలను కొద్దిగా ఎడమకు తిప్పుకుంటూ, మెల్లగా అడుగులేస్తూ సిగ్నల్ వైపు వెళ్లిపోయాడు. గుంపులో కలిసేదాకా చూసి, నేను రెండో వైపుకు నడిచాను.