మెషిన్‌కి గంధం బొట్లు

తిరుత్తణి కొండకు పోయే దారిలో ఒక షాపులో నేను వాషింగ్ మెషిన్లు అమ్మేవాణ్ణి. ఒకరోజు చూపులేని ఒక అక్క భర్తతో వచ్చింది. నేను ఖరీదైన టచ్ మోడల్ గొప్పలన్నీ ఆయనకే చెబుతూ పోయాను.

"ఉతికేది నేను. నాతో చెప్పన్నా," అంది ఆమె.

సిగ్గుపడి ఆమె వైపు తిరిగాను. ఆమె ఆ మెషిన్ మీద బొటనవేలు జరిపింది. "అంతా నున్నగా ఉండాది. ఇది నాకేం చెప్తాది?"

ప్రతి మెషిన్‌కీ అలాగే బొటనవేలు ఆనించి, తల వంచి వింది. చివరికి ఎవరూ అడగని పాత రకం మెషిన్ గుండ్రటి మీట తిప్పింది. టక్, టక్, టక్. ముఖం విప్పారింది.

"ఇదియ్యన్నా. ఇన్నాళ్లూ నా చీరలు మా అత్తే ఉతికింది."

బొట్టు పెట్టనిదే మేము కొత్త మెషిన్‌ను పంపం. నేను గంధం గిన్నె తీయగానే వాసన పట్టి అడిగింది.

"యాడ పెడతా ఉండావు?"

"పైన, నడిమధ్యలో అక్కా."

"ఆడొద్దు. మీట పక్కన పెట్టు, మందంగా. ఉతుకు మొదలయ్యే కాడ ఒకటి, ఆగే కాడ ఒకటి."

ఏడాది తర్వాత నీళ్ల గొట్టం మార్చడానికి వాళ్లింటికి వెళ్లాను. మెషిన్ మీద గంధం తాజాగా ఉంది.

"మా కోడలికి భక్తి జాస్తి నాయనా," అంది అత్తగారు మురిసిపోతూ. "శుక్రవారం వచ్చిందంటే మెషిన్‌కి కూడా బొట్లు పెడతాది."

అక్క అత్తగారి చీర లోపల వేసి, బొటనవేలితో బొట్టు వెతికి, మీట తిప్పింది.