యాంటెన్నా కింద రంగు

మా ఆయన కార్లకు రేడియోలు బిగిస్తాడు. మంచి పనివాడు. ఆ మాట ఊరంతా అంటుంది గానీ మా నాన్న నోటి నుంచి మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆయన మెచ్చుకోలంతా చిన్నల్లుడికే. ఫోన్ల దుకాణం నడిపే మా మరిదికి, అదే మా చెల్లి మొగుడికి, చెయ్యి కంటే నోరు ముందు ఆడుతుంది. అతని పేరెత్తితే చాలు, మా ఆయనకు కడుపుమంట. నాకు మాత్రం లేదా? చిన్నప్పటి నుంచీ కిటికీ పక్క సీటు ఎప్పుడూ మా చెల్లిదే.

మా అమ్మకు చూపు బాగా తగ్గింది. సాయంత్రాలు నాన్న ఆమెను కారులో తిప్పుతూ రేడియో నాటకం వినిపిస్తాడు. కారు పాత యాంటెన్నా విరిగితే, ఇంట్లో ఇంత పనివాణ్ణి పెట్టుకుని చిన్నల్లుడికి కబురు పెట్టాడు. అతను బిగిస్తుంటే మా ఆయన చేతులు కట్టుకుని చూశాడు. ఇంటికొచ్చాక పళ్ళు నూరాడు.

“పైకప్పు లోపలివైపు రంగు గీకలేదే వాడు! యాంటెన్నా చేసేది సగం పనే, మిగతా సగం కారు ఒళ్ళే చెయ్యాలి. ఇనుముకి ఇనుము తగలకపోతే ఇంజను రొదంతా రేడియోలోకొస్తుంది.”

“మరి చెప్పలేకపోయారా?”

“నన్నెవరడిగారు? గుర్రుమన్నప్పుడు మీ నాన్నకే తెలిసొస్తుంది.”

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట తియ్యగానే ఉంది.

రేడియో గుర్రుమంది. నాన్న మాత్రం “స్టేషన్లోనే ఏదో తేడా” అన్నాడు. అమ్మ స్పీకరు దగ్గర చెవి పెట్టి, “ఇప్పుడేమన్నాడండీ?” అని అడిగేది. వారాలు గడిచాయి. అమ్మ అడగడం మానేసింది. ఒకరోజు మేమూ ఆ కారులో ఉండగా, తనే తడుముకుంటూ చెయ్యి చాపి రేడియో కట్టేసింది.

మర్నాడు మా ఆయన కారు కడుగుతానని తాళం అడిగాడు. లోపల పైకప్పు గుడ్డ దించి, ఇనుము మెరిసేదాకా రంగు గీకి, నట్టు బిగించాడు. ఆ సాయంత్రం నాటకంలో వాళ్ళు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది.

ఆదివారం అందరం భోజనాలకు కూర్చున్నాం. “చూశారా చిన్నల్లుడి పని! కుదురుకోడానికి కాస్త టైం పట్టిందంతే” అన్నాడు నాన్న. మరిది కాదనలేదు, నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“బాగుచేసింది ఈయన! నీ చిన్నల్లుడు రంగు గీకకుండా బిగించాడు. ఈయన ఆ రోజే కనిపెట్టారు.”

నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

“మంచి పనివాడివేనయ్యా.”

అమ్మ తల కూడా అటే తిరిగింది.

“ఆ రోజే తెలుసా బాబూ?”

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చిన పూట మా ఆయన కంచంలోంచి తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు.