వదినను తోటకు వెళ్లొద్దన్నాను

మొన్న మంగళవారం డయాలసిస్ మొదలై అరగంటైనా కాకుండానే, కొత్తగా చేరిన ఫిజియోథెరపీ అమ్మాయి ఒక కాగితం పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతూ నా దగ్గరికి వచ్చింది. నాకు ఏ వ్యాయామం ఇష్టమో చెప్పాలట. నడకా, పడుకుని తొక్కే పెడళ్లా, రబ్బరు పట్టీ లాగడమా, ఇక్కడ మిషను మీద ఉన్నప్పుడా లేక మర్నాడు ఇంటి దగ్గరా, ఒంటరిగానా నలుగురితోనా. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వడానికైనా ఓపిక ఉండాలి కదా. ఏదో ఒకటి రాసేసుకోమ్మా అన్నాను. అలా కుదరదు, మీకిష్టమైనదే రాస్తానని ఆ పిల్ల కదలకుండా నిలబడింది. అప్పుడే నాకు వదిన గుర్తొచ్చింది.

మన కాలంలో డ్రిల్లు పీరియడు ఎలా ఉండేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. అనకాపల్లిలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్పయ్యేళ్లు నేను చేసిన ఉద్యోగం అదే. ఎండలో వరసగా నిలబెట్టి, చేతులు పైకంటే పైకి, కిందికంటే కిందికి. ఎవరికేది ఇష్టమో అడగాలన్న ఊహ నాకు ఒక్కనాడూ రాలేదు. కడుపునొప్పన్న పిల్ల చేత ఇంకో చుట్టు పరుగు తీయించిన ఘనత కూడా నాకుంది. రిటైరైన రెండేళ్లకే కిడ్నీలు చెడిపోయి, వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు ఈ మంచానికి అంకితమయ్యాను. మిషను దిగిన రోజు చీపురుపుల్ల ఎత్తే సత్తువ ఉండదు, మర్నాడు కాస్త ప్రాణం లేచి వస్తుంది, ఆ పైరోజు కాళ్లు మళ్లీ నీరు పట్టడం మొదలవుతుంది.

నేను చేరిన కొత్తలో నా పక్క మంచం దేవరాపల్లి వైపు నుంచి వచ్చే ఒక రైతు ఇల్లాలిది. మేం చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లు అమ్మవారికి మొక్కేవాళ్లు, ఏ చుట్టరికమూ లేదు. అయినా అన్నేసి గంటలు పక్కపక్కన పడుకున్నాక ఏదో ఒక వరస కావాలనిపించి వదినా అని పిలిచేదాన్ని, ఆవిడ మాత్రం టీచరమ్మా అనేది. ఆవిడ భర్త నాకు అన్నయ్య అయ్యాడు. మా ఇద్దరికీ డాక్టరుగారు ఒకే మాట చెప్పారు: సూదులు గుచ్చే ఫిస్టులా చేత్తో బరువులెత్తొద్దు, ఒళ్లు మాత్రం రోజూ కదుపుతూ ఉండండి అని.

వదినకు తెలిసిన వ్యాయామం ఒక్కటే, వాళ్ల చెరకు తోటలో జడచుట్లు వేయడం. ఎదిగిన చెరకు గాలికి పడిపోకుండా నాలుగైదు గడలను వాటి ఆకులతోనే కలిపి మెలిపెట్టి నిలబెట్టే పని అది. ఆ కబురు చెప్పేటప్పుడు ఆవిడ ముఖం కళకళలాడేది. నేను వింటూనే కొట్టిపారేశాను. చెరకాకు అంచు కత్తిలా ఉంటుంది, ఫిస్టులా చెయ్యి తెగితే రక్తం ఆగుతుందా అని హడలగొట్టి, అన్నయ్యను కూడా పిలిచి, ఆవిణ్ణి తోట వైపు పంపొద్దని గట్టిగా చెప్పాను. దానికి బదులు వాళ్ల ఇంటిముందు సిమెంటు రోడ్డు మీద పొద్దునా సాయంత్రం చేతులూపుతూ అటూ ఇటూ నడవాలని నియమం పెట్టాను. నాకు తెలిసిన వ్యాయామమూ అదే మరి.

వదిన ఒకే ఒక్కసారి ఎదురు చెప్పింది. "ఈ నడకేటి టీచరమ్మా, ఎటెల్తన్నామని? ఊరోల్లు నవ్వుతన్నారు. తోటలో నాలుగు జడసుట్లు ఏసుకుంటే కాళ్లూ సేతులూ వాటంతటవే ఆడవా?" నేను కళ్లెర్రజేశాను. పాపం, బడి ముఖం ఎరగని మనిషి, టీచరంటే భయం. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ నేను హాజరు తీసుకున్నట్టు అడగడం, ఆవిడ "నడిసేనమ్మా" అనడం. నడవడం లేదని ఆ కాళ్లను చూస్తే తెలిసిపోయేది. మొదట్లో ఆటో దిగి తనంతట తను నడిచి వచ్చేది, తర్వాత అన్నయ్య చెయ్యి పట్టుకుని, ఆ తర్వాత చక్రాల కుర్చీలో.

ఒకరోజు డాక్టరుగారు ఇంటి దగ్గర ఏం పని చేస్తున్నారని అడిగితే, టీచరమ్మ తోటకి పంపొద్దన్నారండీ, ఏ పనీ సెయ్యనివ్వట్లేదని అన్నయ్య ఎంతో శ్రద్ధగా చెప్పాడు. ఆయన తలపట్టుకున్నారు. బరువు మొయ్యొద్దన్నాను గానీ పని మానమన్నానా, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని నీరెండలో కాసేపు చేసుకుంటే ఈవిడకు అంతకన్నా ఏం కావాలన్నారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వదిన మాత్రం, "టీచరమ్మ నా మంచికే సెప్పేరు బాబూ" అంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఇంతకాలం ఇంత బాధ ఉండేది కాదు.

అప్పటికి ఆవిడ నిలబడలేదు. ఒకసారి అన్నయ్య ఆటోలో తీసుకెళ్లి తోట గట్టు మీద కూర్చోబెట్టాడట. కూలివాళ్లు వేసిన జడచుట్లు వదులుగా ఉన్నాయని, గాలి కొడితే చెరకు పడిపోతుందని మర్నాడు మిషను మీద ఉన్నంతసేపూ నాతో బెంగపడింది. ఆ వానాకాలం దాటకముందే పక్క మంచానికి వేరే మనిషి వచ్చారు.

ఈమధ్య బజార్లో అన్నయ్య కనిపించాడు. చెరకు తీసేసి సరుగుడు వేశాడట, అది నాటి వదిలేస్తే చాలు, మనిషి చెయ్యి పడక్కర్లేదన్నాడు. మా చుట్టుపక్కల ఊళ్లన్నీ అలాగే మారుతున్నాయి, జడచుట్లంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు. ఆస్పత్రీ మారింది, గది చల్లగా ఉంటోంది, రోగి ఇష్టాయిష్టాలు అడిగే పిల్లలు వచ్చారు, సంతోషమే. మా రోజుల్లో అడిగేవాళ్లు లేరని సరిపెట్టుకుందామంటే నాకు మనసొప్పదు. వదినను ఎవరూ అడక్కపోయినా, తనకేది ఇష్టమో తనే నోరు తెరిచి చెప్పింది. పక్క మంచం మీద ఉన్నది నేనే. నేనే వినలేదు.