సార్ పెరట్లో ఉత్తరేణి

మా సార్ పోయారని ఫోన్ వచ్చేసరికి దహనం అయిపోయి రెండు రోజులైంది. ఫోన్ చేసింది ఆయన పై వాటాలో కిరాయికుండే అక్క. "సార్ నోటుబుక్కు అట్టమీద ఒక్క నీ నంబరే ఉన్నదమ్మా, అందుకే చేసిన," అంది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు నారాయణగూడ నుంచి నల్లకుంట దాకా సందుకొకరుంటారు. ఒక్క నా నంబరే ఎందుకుందో నాకు తెలుసు. అది తెలియడమే కష్టంగా ఉంది.

2010లో గ్రూప్స్ పరీక్షలకని ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో పడ్డాను. కాలేజీ నుంచి రిటైరైన సార్ మా కోచింగ్ సెంటర్లో జీవవైవిధ్యం చెప్పేవారు. "ఆదివారం మా ఇంటికి రాండ్రి, చూపిస్త," అని ప్రతి క్లాసులో పిలిచేవారు. పరీక్షకు పనికిరాదని ఎవరూ వెళ్ళేవారు కాదు. ఈ పట్నంలో ఆదివారం పూట ఎక్కడికి పోవాలో తెలియక నేను వెళ్ళాను.

చిక్కడపల్లి సందులో పాత ఇల్లు, వెనక చిన్న పెరడు. "కూచో బిడ్డా, పాలు తెస్త," అని ఆయన బయటికి వెళ్ళారు. పెరట్లో నాలుగు మేకులు కొట్టి, సుతిలి తాడు చుట్టిన మంచమంత జాగా కనిపించింది. ఆకుకూర మడి అనుకున్నాను. నిండా కలుపు. పత్తి చేలలో కలుపు తీసిన చేతులు నావి, ఊరుకుంటాయా? సార్ వచ్చేసరికి నేల అద్దంలా చేసి పెట్టాను.

పాల ప్యాకెట్ పట్టుకుని ఆయన తాడు దాకా వచ్చి వంగి చూశారు. "అన్ని పీకినవా?"

"అన్నీ సార్," అన్నాను గర్వంగా.

లోపలికి పోయి టీ పెట్టి తెచ్చిచ్చారు. తర్వాత నోటుబుక్కు తీసి, తేదీ వేసి, సున్నా రాశారు. ఆరేళ్ళుగా ఆ తాడు లోపల ఎన్ని రకాలు మొలుస్తున్నాయో, ఒక్కోటి ఎట్లా వచ్చిందో రాసుకుంటున్నారని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్వకు బిడ్డా. సున్న కాడికెళ్ళి లెక్కపెట్టే మోకా నాకు ఎన్నడు దొరకలే. ఎవరు ముందొస్తరో చూద్దాం, నువ్వు గూడ రా."

అట్లా ప్రతి ఆదివారం వెళ్ళాను. వేరు మిగిలిన గరిక ముందు తల ఎత్తింది. గాలికి గడ్డి చామంతి వచ్చింది. బోరింగు నీళ్ళు జారే వైపు ఒక రకం, గోడ నీడలో ఇంకో రకం. "జాగ పెద్దగుంటె సరిపోదు. పక్కపొంటి ఇంకో జాగ ఉండాలె. దూరమైనకొద్ది వచ్చేటివి తగ్గుతయి," అనేవారు. ఉప్మాలో ఉప్పు వేయడం మరిచిపోయేవారు. ఇద్దరం అట్లాగే తినేవాళ్ళం.

ఒకరోజు ఉత్తరేణి మొలిచింది. ఎట్లా వచ్చిందని అడిగితే నవ్వి, నా చున్నీ చూపించారు. హాస్టల్ పక్క ఖాళీ ప్లాటుకు అడ్డంపడి వచ్చేదాన్ని, గింజలు చున్నీకి పట్టుకునేవి. పెరట్లో కూర్చుని వాటిని పీకి పారేసేదాన్ని. నోటుబుక్కులో 'గాలి', 'పిట్ట', 'చీమ' అని ఉన్న వరసలో ఆయన 'బిడ్డ' అని రాశారు.

ఉద్యోగమొచ్చి ఆదిలాబాద్ వైపు వెళ్ళాను. పండక్కి వస్తాను సార్ అనేదాన్ని ఫోన్లో. "పని చూస్కో. మొక్కలేడికి పోతయి," అనేవారు. రెండేళ్ళు పోయాయి. నాకు తీరిక లేదన్నది అబద్ధం. ఆయన ఎక్కడికీ పోరన్న ధీమా.

మొన్న వెళ్తే పై వాటా అక్క నోటుబుక్కు చేతికిచ్చింది. వచ్చే దారిలో చూశాను, హాస్టల్ పక్క ప్లాటులో అపార్ట్‌మెంటు లేచింది. పెరట్లో సుతిలి తాడు అట్లాగే ఉంది. చివరి పేజీ ఈ వానాకాలానిది, రాత వణికింది. గాలి, గాలి, పిట్ట, గాలి. అడుగున ఒక వరస: 'ఉత్తరేణి పోయిన ఎండలకు ఎండింది. ఈ ఏడు రాలే. తెచ్చే మనిషి దూరమున్నది.'

నోటుబుక్కు మూసి తాడు పక్కన కూర్చున్నాను. లేచి నారాయణగూడ దాకా నడిచి బస్సెక్కాను. సీట్లో కూర్చున్నాక చీర కుచ్చిళ్ళు దులిపి చూసుకున్నాను, ఒక్క గింజ కూడా లేదు.