ఎర్ర లైటు కంటే ముందు మా అత్త చెప్పింది

ఈ రోజు పొద్దున మా మేనత్తను కంటి డాక్టరుకు చూపించాలని పొల్లాచ్చి నుంచి నా కారులో కోయంబత్తూరు బయలుదేరాను. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడిన పని. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో హ్యాచ్‌బ్యాక్. వేగానికి ఎంత పేరో, ఇగ్నిషన్ కాయిళ్లు, ఇంజను మౌంటులు, ప్లాస్టిక్ వాటర్ పంపు పాడవడానికీ అంతే పేరు. మొదటి రెండూ మార్పించేసరికే అలసిపోయాను.

కినత్తుకడవు దగ్గర అత్త గట్టిగా వాసన పీల్చింది. "అమ్మణీ, ఎవురో బెల్లం పాకం కాస్తా ఉండారు."

"ఎవురో కాస్తా ఉంటార్లే అత్తా," అన్నాను.

రెండు నిమిషాలకే ఇంజను వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగింది. ఒక కొబ్బరి బొండాల కొట్టు పక్కన ఆపి బానెట్ ఎత్తితే, పంపు పగిలి, ఇంజనును చల్లబరిచే కూలెంట్ కారుతోంది. దాని వాసన తియ్యగా ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. ఇక కదిలించొద్దని మెకానిక్ ఫోనులో చెప్పాడు.

"నువ్వు వండికి తోడుండు. నేను బస్సులో పోతా," అంది అత్త కారు వైపు చెయ్యి చూపి.

"కన్ను తెలీకుండా ఒంటిగా ఎట్ల పోతావు?" అని, తాళాలు కొట్టాయనకు అప్పగించి నేనూ బస్సెక్కాను.

సీటు దొరికాక అడిగింది. "అంత వేగంగా పొయ్యే వండిలో నీళ్లు నిలవవా అమ్మణీ?"



డాక్టరును సమయానికే చూశాం. వచ్చే వారం ఆపరేషను. కారు సాయంత్రం లారీ మీద ఇల్లు చేరింది. ఈ బండి నడిపేవాళ్లెవరైనా చెప్పండి, అల్యూమినియం పంపు వేయిస్తే నిలుస్తుందా? ఆపరేషనుకు కూడా కండిప్పా బస్సే, ఇంకో మాట లేదంటోంది మా అత్త.